శాస్త్రవార్తకు గడువు

గూడెం కొత్తవీధి వంటి మన్య ప్రాంతాలకు చిరపరిచితమైన వ్యాధి మలేరియా. దాని క్రిమిని రొనాల్డ్ రాస్ దోమ జీర్ణాశయపు గోడలో కనుగొన్నది సికిందరాబాదులో, 1897 ఆగస్టు 20న. ఆ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయినది డిసెంబరు 18న.

నాడు అచ్చుకు నెలలు పట్టేవి. నేడు జాప్యాన్ని గంటల లెక్కన ముందే నిర్ణయిస్తున్నారు. శాస్త్రపత్రికలు రానున్న వ్యాసాలను కొద్ది రోజుల ముందే విలేఖరులకిచ్చి, ఫలానా గంట వరకు వెల్లడించరాదని షరతు పెడతాయి. దీనినే ‘ఎంబార్గో’ అంటారు. విలేఖరి నిపుణులను సంప్రదించి నింపాదిగా వ్రాయడానికి ఈ వ్యవధి ఉపకరిస్తుంది. అంతవరకు మెచ్చదగినదే.

కాని దినపత్రికలన్నీ ఒకే గంటకు ఒకే వార్తను చాటినప్పుడు, స్వల్ప ఫలితం కూడా ఘనవిజయంగా తోస్తుంది. ప్రాణరక్షకమైన సమాచారానికైతే గడువు అసలే తగదు. ప్రజారోగ్యానికి తక్షణం అవసరమైన దానిని ముందే వెల్లడించినా ప్రచురణకు అడ్డు కాదని వైద్యపత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘమే అంగీకరించింది. జ్వరం అచ్చు తేదీ చూసుకొని రాదు కదా!