‘బెగ్స్ ది క్వశ్చన్’: పరిశోధన రచనలో అర్థభేదం

ఆంగ్లంలో వెలువడే సాహిత్య విమర్శవ్యాసాల్లో ‘బెగ్స్ ది క్వశ్చన్’ అనే పదబంధం ‘ప్రశ్నను లేవనెత్తుతుంది’ అనే అర్థంలో తరచుగా కనిపిస్తుంది. దీని మూలార్థం వేరు. అరిస్టాటిల్ చర్చించిన ఒక తర్కదోషానికి లాటిన్‌లో ‘పెటీషియో ప్రిన్సిపీ’ అని పేరు. దానికి 16వ శతాబ్దిలో ఏర్పడిన ఆంగ్లానువాదమిది. నిరూపించవలసిన విషయాన్నే ఆధారంగా స్వీకరించడం ఆ దోషం. ‘ఉత్తమ కావ్యలక్షణాలు ఉన్నందున ఈ కావ్యం ఉత్తమం, ఇటువంటి కావ్యాల్లో ఉండేవే ఆ లక్షణాలు’ అనడం ఇందుకు ఉదాహరణ.

దీనిని ‘సాధ్యసమం’ అనడం పూర్తిగా పొసగదు. గౌతముని న్యాయసూత్రాలు చెప్పిన ఐదు హేత్వాభాసాల్లో ఒకటైన సాధ్యసమంలో హేతువు సాధ్యం వలెనే అసిద్ధం. సాధ్యమే హేతువు కానక్కరలేదు. ‘ఆత్మాశ్రయ దోషం’ మరింత చేరువ. అయితే తెలుగు విమర్శలో ‘ఆత్మాశ్రయం’ కవి స్వీయానుభూతి పరంగా రూఢమైనందున ‘దోషం’ అనే మాటను విడువరాదు.

కొత్త అర్థాన్ని నిఘంటువులూ నమోదు చేశాయి. అయినా పరిశోధన రచనలో ఈ భేదం ఉపేక్షణీయం కాదు. పూర్వపరిశోధకుని వాదం దోషయుక్తమనడం ఆక్షేపణ. అది కొత్త ప్రశ్నకు దారితీసిందనడం కొనసాగింపు. ఒకే మాట రెంటికీ వాడితే ప్రశంస నిందగా, నింద ప్రశంసగా అర్థమవుతుంది. ప్రశ్న తలెత్తిందని చెప్పదలచినచోట ‘రెయిజెస్ ది క్వశ్చన్’ అనడమే నిర్దుష్టం.