వద్దన్న అక్షరం దగ్గర

ఐడియాలు ఎలా వస్తాయో చెప్పే పుస్తకాలు చాలానే చదివాను. వాటన్నిటికన్నా అష్టావధానంలోని నిషిద్ధాక్షరి నాకు ఎక్కువ నేర్పింది. అవధాని ఒక అక్షరం చెప్తాడు. తర్వాత ఏది వస్తుందో పృచ్ఛకుడు ఊహించి, అది వద్దంటాడు. ఫోన్ కీబోర్డు తర్వాతి మాటను ఊహించి అందిస్తుంది కదా, ఇక్కడ ఊహించి లాగేసుకుంటారు. ఆయన పట్టుకునేది చాలావరకు అందరికీ తట్టే మాటనే. ఆ అరిగిపోయిన దారి మూసుకుపోయాక మిగిలినవాటిలో వెతుక్కోవాలి, అదీ ఛందస్సు తప్పకుండా, అర్థం చెడకుండా.

అవధానాన్ని ఉత్త జ్ఞాపకశక్తి ప్రదర్శన అని తీసిపారేసేవాళ్లు ఈ సంగతి గమనించరు. అలాగని ప్రతిదానికీ చప్పట్లు కొట్టేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. సమస్యాపూరణం చూడండి. మచ్చుకి నేనే ఒకటి అల్లుతాను: 'పాలు నల్లనాయె'. (గణాల సంగతి వదిలేయండి.) పై పాదం చివర 'దీ' పెడితే చాలు, 'దీపాలు నల్లనాయె' అవుతుంది. మసిపట్టిన దీపాలు, సమస్య తీరిపోయింది, సభ హర్షిస్తుంది. ఇంకో దారి ఉంది. మాటను విరవకుండా, అమావాస్య రాత్రి దీపం లేని వంటింట్లో, ఏడుస్తున్న పిల్లాడి కోసం పాలగ్లాసుతో తడుముకుంటూ వస్తున్న తల్లిని చూపించడం. ఆ చీకట్లో పాలు నిజంగానే నల్లన. మొదటి పూరణ అక్షరాల్ని జరిపింది. రెండోది ఆ అబద్ధం నిజమయ్యే చోటు వెతికింది. నా లెక్కలో సృజన రెండోదే. మొదటిది కిటుకు, సాధన చేస్తే ఎవరికైనా పట్టుబడుతుంది.

మరి రెండోది? పుట్టుకతో ప్రతిభ లేకపోయినా చదువూ శ్రమా ఉంటే సరస్వతి ఎంతోకొంత అనుగ్రహిస్తుందని దండి కావ్యాదర్శంలో ధైర్యం చెప్పాడు. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిస్తేనే కావ్యానికి కారణం అన్నాడు. ఆ నిపుణత దేన్ని పరిశీలిస్తే వస్తుందో చెప్తూ శాస్త్రం, కావ్యం కంటే ముందు లోకాన్ని పెట్టాడు. వంటింటి చీకటి ఆ లోకంలోదే.

తిరుపతి వేంకట కవులనే తీసుకోండి. శతావధానాలతో ఊరూరా పేరు తెచ్చుకున్నారు. కానీ జనం నోట నిలిచినవి పాండవోద్యోగ విజయాల పద్యాలే. రాయబారంలో కృష్ణుడికి అక్షరం వద్దని అడ్డుపడే పృచ్ఛకుడు లేడు. అక్కడ అడ్డు వేరే ఉంది, ఎదుట దుర్యోధనుడు కూర్చుని ఉన్నాడు. ఆ పద్యాలు అంత సులువుగా నోటికి రావడానికి వెనక అవధానాల సాము ఉందనే నేను నమ్ముతాను. ఆ సాము ఒక్కటే ఉంటే మాత్రం వాటిని హార్మోనియం పక్కన పెట్టుకుని అన్నేళ్లు పాడేవాళ్లు కాదు.