అక్షరానికి కాపలా: చదువును అదుపు చేసే రాజ్యం కథలో నమ్మదగినదయ్యేది ఎలా?

అధికారం మనిషి బతుకునంతటినీ గుప్పిట్లో పెట్టుకున్న సమాజాన్ని ఊహించి చిత్రించే కాల్పనిక సాహిత్యాన్ని డిస్టోపియా అంటారు. చదువును అదుపు చేసే రాజ్యం ఆ సాహిత్యంలో పదే పదే కనిపించే ఇతివృత్తం. దీన్ని ఎత్తుకున్న కొత్త రచయితలు చాలామంది పుస్తకాలన్నిటినీ ఒక్క ఆజ్ఞతో నిషేధించిన ప్రభుత్వంతో కథ మొదలుపెడతారు, పాఠకుడి నమ్మకం సడలేది సరిగ్గా అక్కడే. పన్నుల లెక్క తేల్చాలన్నా, మందు సీసా మీది మోతాదు చూడాలన్నా, రైళ్లు నడపాలన్నా చదువుకున్నవాళ్లు కావాలి గనుక ఏ ప్రభుత్వమూ అక్షరాన్ని పూర్తిగా తుడిచిపెట్టి మనలేదు. ఎవరికి ఎంత చదువు, ఏ పని కోసం, ఎవరి కనుసన్నల్లో అన్న పంపకమే నియంత్రణకు అసలు రూపం. ఆ పంపకం ఎంత నిర్దిష్టంగా ఉంటే కథ అంత నిజమనిపిస్తుంది.

అమెరికాలోని దక్షిణ కరొలినా కాలనీ 1740లో చేసిన చట్టం ఇందుకు మంచి పాఠం. బానిసలకు రాయడం నేర్పేవారికి ఆ చట్టం 100 పౌండ్ల జరిమానా విధించింది గాని, చదవడం నేర్పడాన్ని నిషేధించలేదు. తోట దాటి వెళ్లే బానిస దగ్గర యజమాని ఇచ్చిన అనుమతి చీటీ ఉండాలి, రాత వచ్చినవాడు ఆ చీటీని తానే రాసుకోగలడు. చదవడం మాత్రమే వచ్చినవాడు బైబిలు చదువుకుని మరింత అణకువగా ఉంటాడని మత ప్రచారకులు యజమానులకు నచ్చజెప్పేవారు. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ అనే బానిస, బైబిలు చదివి తోటివారికి బోధించినవాడు, తిరుగుబాటుకు నాయకత్వం వహించిన తరవాత ఆ నమ్మకం కూలిపోయింది, 1834 నాటికి దక్షిణ కరొలినా చదవడం నేర్పడాన్ని కూడా నేరం చేసింది. ఒకప్పుడు తానే బానిసగా ఉన్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో వెలువరించిన స్వీయ చరిత్రలో ఆ చీటీల కథే మరోవైపు నుంచి కనిపిస్తుంది. పారిపోవాలని పథకం వేసిన తోటి బానిసలందరికీ ఆయనే చీటీలు రాసిపెట్టాడు. పథకం బయటపడి పట్టుబడినప్పుడు తన చీటీని నిప్పుల్లో వేసి, తోటివాడికి మాత్రం అతని చీటీని రొట్టెతో కలిపి నమిలి మింగేయమని చెప్పాడు. నమ్మదగిన కథకు కావలసిన సరంజామా అంతా ఇందులో ఉంది: నిషేధం వెనుక స్పష్టమైన భయం, ఆ భయం పెరిగేకొద్దీ బిగిసే చట్టం, ఆ చట్టం మూలంగానే ప్రాణమంత విలువ తెచ్చుకున్న చిన్న కాగితం ముక్క.

మార్గరెట్ అట్‌వుడ్ 1985లో ప్రచురించిన ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ ఈ పాఠాన్ని కల్పనలోకి తెచ్చిన తీరు సాటిలేనిది. మానవ చరిత్రలో ఎక్కడో ఒకచోట జరగని దేన్నీ ఆ నవలలో చేర్చకూడదని ఆమె నియమం పెట్టుకున్నది. నవలలోని రాజ్యంలో స్త్రీలకు చదువు నిషిద్ధం, అయితే వారిని అదుపులో ఉంచే ‘ఆంట్’లనే స్త్రీలకు మాత్రం చదవడానికీ రాయడానికీ అనుమతి ఉంది. దుకాణాల బోర్డుల మీద అక్షరాలకు రంగు పూసేసి బొమ్మలు మిగిల్చారు, సరుకులు తెచ్చుకునే టోకెన్ల మీద గుడ్లూ జున్నూ బొమ్మలుగానే ఉంటాయి. కథానాయిక చదువు పోగొట్టుకున్న తొలి తరం మనిషి, ఒకప్పుడు పుస్తకాలతోనే ఉద్యోగం చేసినది, అందుకే ఆ బోర్డుల్లో ఏమి పోయిందో ఆమెకు తెలుసు. అక్షరం ఎరగని తరంలో కథ పెట్టి ఉంటే ఆ లోటు పాఠకుడికి ఇంతగా తగిలేది కాదు.

జార్జ్ ఆర్వెల్ 1949 నాటి నవలలో అక్షరాస్యత ఏలినవారి గొప్పగా చాటబడుతుంది: శ్రామికుల్లో అక్షరాస్యులు 15 శాతం నుంచి 40 శాతానికి పెరిగారని పార్టీ చెప్పుకుంటుంది, అదే పార్టీ పాత పత్రికలను తిరగరాయిస్తూ, నిఘంటువులోని మాటలను ఏటికేడాది తగ్గిస్తూ పోతుంది. చదవడం వచ్చినా చదవడానికి నిజం మిగలని స్థితి అది. రే బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’ (1953) ఇంకో మెట్టు దిగి, పుస్తకాలు తగలబెట్టే ప్రభుత్వానికంటే ముందే జనం చదవడం మానేశారని చెబుతుంది. ఈ సంప్రదాయంలో నేటి పాఠకుడికి అన్నిటికన్నా ఇబ్బంది కలిగించే ఊహ ఇదే, దాని విలువ కూడా ఆ ఇబ్బందిలోనే ఉంది.

కథానాయకుడు దొంగచాటుగా చదువు నేర్చుకునే ఘట్టంలో చాలా రచనలు తడబడతాయి, ఎందుకంటే రచయిత ఒక అధ్యాయంలోనే అతన్ని పండితుణ్ని చేసేస్తాడు. పందొమ్మిదో శతాబ్దపు బెంగాల్ గృహిణి రాససుందరీ దేవి తన ఆత్మకథ ‘అమార్ జీబన్’లో చెప్పిన దారి ఎంతో ఓర్పుతో కూడినది. చిన్నప్పుడు మగపిల్లల పాఠాలు విని నోటికి పట్టిన వర్ణమాల ఆమెకు గుర్తుంది. భర్త తెచ్చిన చైతన్య భాగవతంలోంచి ఒక పత్రం తీసి వంటింట్లో దాచుకుని, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకుతో దాన్ని పోల్చి చూస్తూ, ఎవరూ చూడని క్షణాల్లో ఒక్కొక్క అక్షరాన్నీ గుర్తుపట్టింది. చెవికి తెలిసిన శబ్దం కంటికి కనిపించే గీతతో జతకూడే ఆ ప్రక్రియను అంతే నెమ్మదిగా రాయగలిగిన రచయిత పాఠకుణ్ని మళ్లీ మొదటి బడికి తీసుకుపోగలడు.

తెలుగులో ఈ ఇతివృత్తాన్ని చేపట్టేవారు మరో సంగతి తప్పక ఆలోచించాలి. చదువు లేకపోవడం తెలివి లేకపోవడం కాదని ఈ నేల మీద వేరే చెప్పనక్కరలేదు; తోలుబొమ్మలాట, హరికథ, బుర్రకథల ద్వారా భారత రామాయణాలూ, ఊరి రాజకీయాలూ అక్షరం రానివారికి కూడా అందుతూనే వచ్చాయి. తెలంగాణ రైతుల పోరాటాన్ని చెప్పిన ‘మాభూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించడం వెనుక ఈ ఎరుక ఉంది. కాబట్టి పుస్తకాలను మాత్రమే కట్టడి చేసి కథకుణ్నీ పాటగాణ్నీ వదిలేసే రాజ్యం తెలుగు పాఠకుడికి అమాయకంగా కనిపిస్తుంది. బుర్రకథ గుమ్మెట మోగకుండా ఎవరు, ఎలా ఆపుతున్నారో కూడా రచయిత తేల్చుకోవాలి.

చివరగా మిగిలేది కథ చెప్పే గొంతు. రాత నేరమైన చోట ఈ కథను ఎవరు రాశారు, ఎలా దాచారు, చదువుతున్నవారి చేతికి ఎలా చేరింది అన్న ప్రశ్నకు జవాబు లేకపోతే ఎంత పకడ్బందీ రాజ్యమైనా కాగితం మీద కూలిపోతుంది. ఆర్వెల్ తన కథానాయకుడికి ఒక పాత డైరీనీ, ఇంట్లో నిఘా పెట్టే తెర అయిన టెలిస్క్రీన్ కంటికి ఆనని గది మూలనూ ఇచ్చాడు. అట్‌వుడ్ ఇంకా జాగ్రత్తపడి కథానాయిక చేత కథను క్యాసెట్లలో చెప్పించింది, శతాబ్దాల తరవాతి చరిత్రకారులు వాటిని విని, వరస తేల్చి రాసుకున్నట్టు చివర ఒక సదస్సును కల్పించింది; ఆ చరిత్రకారులు పురుషులు కావడం, ఆమె మాటల క్రమాన్ని వారే నిర్ణయించడం ఆ నవలలో చదువు మీది పెత్తనానికి చివరి రూపం.