'సంఘం' అన్న మాట: వేములవాడ, సిరిసిల్ల ప్రాంతపు పాత వార్తల్లో అర్థభేదాలు

పాత తెలుగు పత్రికలలో 'సంఘం' అన్న మాట కనిపించని సంచిక అరుదు. పురపాలక సంఘం, సహకార సంఘం, ఎన్నికల సంఘం, కుల సంఘం అన్నప్పుడు అర్థభారాన్ని పూర్వపదమే మోస్తుంది. పూర్వపదం లేకుండా ఈ మాట ఒంటరిగా నిలిచినప్పుడే పరిశోధకుడికి అసలు పని మొదలవుతుంది. వేములవాడ, సిరిసిల్ల, జగిత్యాల వార్తలను చదివేవారికి ఆ పని తప్పదు.

ఈ మాటలోని ద్వంద్వార్థం 1921 నవంబరులోనే బయటపడింది. హైదరాబాదులోని వివేకవర్ధనిలో కార్వే అధ్యక్షతన జరిగిన నిజాం రాష్ట్ర సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. సంఘసంస్కరణలోని సంఘం మొత్తం సమాజం; జనసంఘంలోని సంఘం సభ్యులు, కార్యవర్గం ఉన్న సంస్థ. మొదటి సంఘంలో తెలుగు మాటకు చోటు దొరకనందువల్లే రెండవ సంఘం అవసరమైంది. తరువాతి కాలంలో మొదటి అర్థాన్ని 'సమాజం' అన్న మాట చాలావరకు ఆక్రమించింది. అందువల్ల నేటి పాఠకుడు పాత వార్తలో 'సంఘం' అని చూడగానే సంస్థనే ఊహిస్తాడు. (1970ల నాటి 'జనసంఘ్' వార్తలతో 1921 నాటి జనసంఘాన్ని కలిపివేసే ప్రమాదం వేరే ఉంది.)

1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ నాలుగవ సమావేశం 1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన జరిగింది. పత్రికలకు అది 'మహాసభ'. 1940లలో పల్లెజనానికి మాత్రం అది ఒట్టి 'సంగం'. అందులోని వారు 'సంగపోళ్లు'. మహాసభ, కమ్యూనిస్టు పార్టీ, సాయుధ దళం అని పత్రిక వేరుచేసి చూపే మూడింటినీ ఊరి మాట ఒకే పేరుతో పిలిచింది. దీన్ని అవగాహనాలోపమనడం సరికాదు. భూమి, వెట్టి, పాలు వంటి విషయాలపై తన పక్షాన నిలిచేది ఎవరన్నదే ఆ పేరుకు ఆధారం. అచ్చులో ఆ మాట 'సంఘం'గా మారినప్పుడు వ్రాత శుద్ధమైంది, కానీ పలికినవాడి జాడ చెరిగిపోయింది.

అసలైన చిక్కు 1978 నాటి వార్తలలో ఉంది. సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. వేములవాడ అప్పుడు సిరిసిల్ల తాలూకాలోనిదే. ఈ కాలపు చర్చలో మూడు ప్రయోగాలు పక్కపక్కనే నడుస్తాయి: రైతు కూలీ సంఘం, దొరల సాంఘిక బహిష్కరణ, అధికారిక భాషలోని 'సంఘవిద్రోహ శక్తులు'. చాకలి, మంగలి, పాలేరు దొర గడికి పని మానివేయడం సాంఘిక బహిష్కరణ. అక్కడ ఊరి 'సంఘం' ఎవరో, దాని హద్దు ఎక్కడో నిర్ణయించింది కూలీలు. 'సంఘవిద్రోహం' అన్న సమాసం ఆ హద్దును మళ్లీ తిరగరాస్తుంది. ద్రోహం ఏ సంఘానికి జరిగిందో అది ఎన్నడూ చెప్పదు. దొరను వెలివేసిన సంఘమే విద్రోహి అయినప్పుడు, మిగిలిన సంఘంలో ఉన్నదెవరు? ఈ సమాసాన్ని వర్ణనాత్మక పదంగా సిద్ధాంతగ్రంథంలోకి ఎత్తి రాసుకునే పరిశోధకుడు, తనకు తెలియకుండానే ఒక పక్షం సాక్ష్యాన్ని తీర్పుగా నమోదు చేస్తున్నాడు.

డిజిటల్ ప్రతులలో పదాన్వేషణ ఈ భేదాలను పట్టలేదు. 'సంగం' అని వెతికితే ఊళ్ల పేర్లూ నదీసంగమాలూ వచ్చి పడతాయి. క్రియలు కొంత తోడ్పడతాయి: 'సంఘం పెట్టారు', 'సంఘంలో చేరాడు' అంటే సంస్థ, 'సంఘంలో పరువు' అంటే సమాజం. 'సంఘం ఒప్పుకోదు' అన్నది మాత్రం రెండింటికీ చెల్లుతుంది. 1978 నాటి సిరిసిల్ల తాలూకా వార్తలో ఈ వాక్యం ఎదురైతే, అది ఠాణా ప్రకటన నుంచి వచ్చిందా, ఊరి మనిషి నోటి నుంచి వచ్చిందా అన్నది తేల్చుకున్న తరువాతే అర్థం రాయాలి.