మన తీరానికి వచ్చిన కెనడా

కెనడా పేరు వినపడని ఇల్లు ఈ రోజుల్లో సింగరాయకొండ చుట్టుపక్కల అరుదు. పొగాకు మీదా మిరప మీదా వచ్చే డబ్బును నమ్ముకుని అప్పు చేసి పిల్లల్ని పంపినవాళ్ళున్నారు. బ్రాంప్టన్‌లో గది అద్దె ఎంతో, శాశ్వత నివాసం (పీఆర్) రావాలంటే ఎన్ని పాయింట్లు కావాలో అరుగు మీద కూర్చుని లెక్క చెప్పేవాళ్ళున్నారు. ఆ దేశం ఎలా ఏర్పడింది, ఆ నేల అంతకుముందు ఎవరిది అని అడిగితే మాత్రం నోరు మెదిపేవాళ్ళు లేరు. ఆ లోటు తీర్చే పుస్తకం తెలుగులో రావడం, అదీ నా దగ్గర చరిత్ర పాఠం విన్న అమ్మాయి రాయడం నాకు పట్టరాని సంతోషం. పెద్దవాడినని ముందుమాట అడిగింది. పెద్దరికం పక్కన పెట్టి, పాఠకుడిగానే నాలుగు మాటలు రాస్తున్నాను.

దేశచరిత్ర అనగానే ప్రధానమంత్రుల వరస, యుద్ధాల పట్టిక మన కళ్ళముందుకొస్తాయి. ఈమె ఆ దారి పట్టలేదు. మనుషుల్ని ఎంచుకుంది. 1917 డిసెంబర్ 6న హాలిఫాక్స్ రేవులో రెండు ఓడలు ఢీకొని, మందుగుండు ఉన్న ఓడ అంటుకుంది. విన్స్ కోల్మన్ అనే రైల్వే ఉద్యోగి పారిపోబోయి కూడా వెనక్కి వచ్చి, ఊళ్ళోకి వస్తున్న ప్యాసింజర్ బండిని ఆపమని టెలిగ్రాం ఇచ్చాడు. పేలుడులో పోయిన సుమారు రెండు వేలమందిలో ఆయన ఒకడు. రైలు కూత వింటూ పెరిగిన మా ఊరి పిల్లలకు ఈ ఉద్యోగధర్మం గురించి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

1946లో నోవా స్కోషియాలోని ఒక సినిమా హాల్లో తెల్లవాళ్ళు కూర్చునే చోట కూర్చున్నందుకు వయోలా డెస్మండ్ అనే నల్లజాతి వ్యాపారిని జైల్లో పెట్టారు. టిక్కెట్టు మీద ఒక్క సెంటు పన్ను తక్కువ కట్టిందన్నది కేసు. 2010లో ఆమెకు క్షమాభిక్ష ఇచ్చారు. 2018లో పది డాలర్ల నోటు మీద ఆమె బొమ్మ వేశారు. అప్పటికి ఆమె పోయి యాభై ఏళ్ళు దాటింది. 1914లో 376 మంది భారతీయ ప్రయాణికులతో వాంకూవర్ చేరిన కొమగాట మారు ఓడ కథా అంతే. చాలా కొద్దిమందిని దిగనిచ్చి, రెండు నెలల తర్వాత మిగిలినవాళ్ళను వెనక్కి తోలేశారు. కలకత్తా పక్కనున్న బజ్‌బజ్ దగ్గర దిగిన వాళ్ళ మీద మనల్ని ఏలుతున్న బ్రిటిష్ ప్రభుత్వమే కాల్పులు జరిపింది. కెనడా పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2016లో. న్యాయం ఆలస్యమైన చోటల్లా ఎంత ఆలస్యమైందో లెక్కగట్టి చెప్పడం ఈ రచయిత్రి పద్ధతి. నాకు నచ్చింది.

పుస్తకానికి ప్రాణం మాత్రం మన తీరానికి సంబంధించిన అధ్యాయం. కెనడా సమాఖ్యగా ఏర్పడింది 1867 జూలై 1న. ఆ ఏడాది చివర్లోనే ఒంటారియో నుంచి అమెరికస్ వెస్పూషియస్ టింపనీ అనే మిషనరీ, భార్య జేన్ బేట్స్‌తో ఓడెక్కి, మరుసటి ఏడాది నెల్లూరు చేరాడు. 1870లో రామాయపట్నానికి మకాం మార్చాడు. అది మనకెక్కడో లేదు. ఉలవపాడు దాటి దక్షిణంగా పోతే సముద్రం ఒడ్డున ఉంటుంది. ఇప్పుడు పోర్టు కోసం పేపర్లలో కనిపించే ఊరు. ఆ ఏడే జాన్ మెక్లారిన్ వచ్చి కలిశాడు. ఆయన భార్య మేరీ, జేన్‌కు తోబుట్టువు. అంటే తోడల్లుళ్ళిద్దరూ మన గాలిలో, మన ఎండలో కాపురాలు పెట్టారన్నమాట. విజయవాడ, మద్రాసుల మధ్య ఈ రైలు దారి అప్పటికి లేదు. ఒంగోలులోని అమెరికన్ మిషనరీ క్లౌ దొర స్వదేశం వెళ్ళినప్పుడు అక్కడి భారం మోసింది మెక్లారినే.

టింపనీ, మెక్లారిన్ ఇద్దరూ అప్పటిదాకా అమెరికన్ బాప్టిస్టు సంఘం కింద పనిచేసినవాళ్ళు. కెనడావాళ్ళకు సొంత మిషన్ ఏర్పడడానికి కారణం ఒక తెలుగువాడు. థామస్ గాబ్రియేల్ టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం వదులుకుని కాకినాడలో మతప్రచారం మొదలుపెట్టాడు. అప్పులపాలై, ఈ పని మీరు తీసుకోండని కెనడా బాప్టిస్టులను అడిగాడు. 1874 మార్చిలో మెక్లారిన్ కాకినాడ చేరాడు. ఏడాది తిరిగేలోపే గాబ్రియేల్ కన్నుమూశాడు. టింపనీ కూడా తర్వాత కాకినాడ వెళ్ళి 1885లో కలరాతో అక్కడే పోయాడు. టింపనీ, మెక్లారిన్‌ల పేర్లు ఆ ఊరి బడులకు పెట్టారు. గాబ్రియేల్ పేరు తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. ఆయనను ఈ కథకు మొదటి మనిషిగా నిలబెట్టినందుకు రచయిత్రిని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి.

ఈ దొరలు వచ్చింది మతం ఇవ్వడానికే. ఆ మాట ఈమె దాచలేదు. దాని కోసం వాళ్ళను తిట్టనూ లేదు, దేవుళ్ళనూ చేయలేదు. వాళ్ళు ముందు తెలుగు నేర్చుకున్నారని, 1872లో రామాయపట్నంలో మొదలైన వేదాంత పాఠశాలలో తెలుగులోనే చదువు చెప్పారని రాసింది. అక్షరానికి దూరంగా ఉంచిన మాల, మాదిగ పేటల్లో పలకలు కనిపించడం ఎంత పెద్ద మార్పో రాసింది. వెంటనే వచ్చే అధ్యాయంలో కెనడాలోని ఆదివాసీ పిల్లల వసతి బడుల గురించి చెప్పింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టడంలోనే ఆమె తెలివి ఉంది.

ఇక్కడ ధాత కరువు మొదలైన 1876లోనే అక్కడ ఇండియన్ యాక్ట్ వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వం డబ్బు పెట్టి, చర్చిలు నడిపిన బడుల్లోకి సుమారు లక్షా యాభై వేలమంది ఆదివాసీ పిల్లల్ని చేర్చారు. అమ్మ నేర్పిన మాట మాట్లాడితే దండన. ఆ బడుల్లో పిల్లలు క్షయతో చచ్చిపోతున్నారని పీటర్ బ్రైస్ అనే ప్రభుత్వ వైద్యుడు 1907లోనే నివేదిక ఇచ్చాడు. పట్టించుకోకపోగా 1920లో హాజరు నిర్బంధం చేశారు. ఉద్యోగం పోయాక బ్రైస్ 1922లో ఆ సంగతంతా తానే అచ్చువేశాడు. 1966లో చానీ వెంజాక్ అనే పన్నెండేళ్ళ పిల్లవాడు బడి నుంచి పారిపోయి, ఇంటికి వెళ్ళాలని రైలు పట్టాల వెంట నడిచి చలికి చనిపోయాడు. చివరి బడి మూతపడింది 1990లలో. ఈ బడుల సంగతి తేల్చడానికి వేసిన నిజనిర్ధారణ, సయోధ్య సంఘం 2015లో 94 సిఫారసులు చేసింది.

ఇది చదివాక ఎవరికైనా ఒక ప్రశ్న వస్తుంది. ఆ బడులు నడిపినవి ఎక్కువగా వేరే చర్చిలు, ఇక్కడికి వచ్చినవాళ్ళు బాప్టిస్టులు అన్నది నిజమే. కానీ దేశం ఒకటే, కాలం ఒకటే, పట్టుకొచ్చిన గ్రంథమూ ఒకటే. ఫలితం ఇంత తేడాగా ఎందుకు వచ్చింది? రచయిత్రి జవాబును పాఠకుడికే వదిలేసింది. నాకు తోచింది చెబుతాను. కెనడా దొరలకు ఇక్కడ అధికారం లేదు, మన భూమి వాళ్ళకు అక్కర్లేదు. మనం వింటేనే వాళ్ళకు పని. అందుకే మన భాష నేర్చారు. ఇష్టంలేని తండ్రి బిడ్డను పంపకుండా ఇంట్లో ఉంచుకోగలిగాడు. అక్కడ భూమి కావాల్సిన ప్రభుత్వమూ, ఆత్మలు కావాల్సిన చర్చీ చేతులు కలిపాయి. వద్దనే హక్కు తల్లిదండ్రులకు లేకుండా పోయింది. చదువు చెప్పేవాడి మంచితనాన్ని మాత్రమే నమ్ముకోకూడదు. కాదనగల బలం చదువుకునేవాడి ఇంట్లోనూ ఉండాలి. ఇది కెనడాకే కాదు, మన గిరిజన పిల్లలుండే ఐటీడీఏ వసతి గృహాలకూ వర్తించే పాఠం.

పాఠకుడిగా రెండు కోరికలు. రెండో ముద్రణలో పటాలు వేయించాలి. హాలిఫాక్స్ ఎక్కడో, వాంకూవర్ ఎక్కడో తెలియనివాడికి ఓడల కథ సగమే అర్థమవుతుంది. రెండోది, ఆడవాళ్ళకు ఇంకా చోటివ్వాలి. 1870లో నోవా స్కోషియా ఊళ్ళు తిరిగి స్త్రీల సహాయ సంఘాలు పెట్టి, తర్వాత శ్రీకాకుళం వైపు వచ్చిన హన్నా మరియా నోరిస్‌కు ఒక పేజీ చాలదు. గడప గడపకూ నడిచి బైబిలు వినిపించిన మన బైబిలు స్త్రీలకు ఆ మాత్రం కూడా దక్కలేదు. వాళ్ళ మనవరాళ్ళు ఇంకా ఈ ఊళ్ళలోనే ఉన్నారు. వెళ్ళి అడిగితే చెబుతారు.

భాష గురించి ఒక్కమాట. ఎక్కడా గొంతు చించుకోలేదు. చానీ కథ రెండు పేజీల్లో, ఒక్క విశేషణం లేకుండా చెప్పింది. పాతికేళ్ళు రాసినవాళ్ళకూ అంత తేలిగ్గా పట్టుబడే నిగ్రహం కాదది.

వీసా కాగితాలు సర్దుకుంటున్న ప్రతి పిల్లవాడూ, వాణ్ణి పంపుతున్న ప్రతి తండ్రీ ఈ పుస్తకం చదవాలి. మన దగ్గరికొచ్చిన కెనడావాళ్ళు మన మాట నేర్చుకున్నారు. అక్కడికెళ్ళే మనవాళ్ళు కనీసం ఆ నేల ఎవరిదో తెలుసుకుని అడుగుపెట్టాలి. అమ్మాయికి నా ఆశీస్సులు. మా ఊరి వరాహ నరసింహస్వామి చల్లగా చూడాలని, ఆమె తర్వాతి పుస్తకం మన బైబిలు స్త్రీల మీదే రావాలని కోరుకుంటున్నాను.

సింగరాయకొండ
— ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు