మెట్టలో పగడపు తొట్టె

నెల్లూరు మెట్టలోని ఉదయగిరి దుర్గం కింద ఇంట్లో సముద్రపు తొట్టె పెడతానంటే వినేవాళ్లు ముందు నవ్వుతారు. మైపాడు తీరం అక్కడికి నూరు కిలోమీటర్ల పైమాటే. ఆత్మకూరు తీరానికి కాస్త దగ్గర, అయినా అదీ మెట్టే. కానీ ఈ విద్య మొదలైందే సముద్రం అందుబాటులో లేని ఇంట్లో. 1846లో అన్నా థిన్ అనే ఆవిడ ఇంగ్లండులోని టార్కీ తీరం నుంచి బతికున్న పగడాలను లండన్‌లో తన ఇంటికి తెచ్చుకుంది. మార్చడానికి ఉప్పునీళ్లు లేవు. అందుకని ఉన్న నీళ్లనే రోజూ తెరిచిన కిటికీ ముందు అరగంటకు పైగా ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తి పోయించేది. ఆ చాకిరీ చేసింది పనిమనిషి. ఆమె పేరు ఎవరూ రాసిపెట్టలేదు. పగడాలు మాత్రం బతికాయి. 1854లో ఫిలిప్ గాస్ మంచినీళ్లలో లవణాలు కలిపి కృత్రిమ సముద్రజలం తయారుచేశాడు. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రంలోంచి తెచ్చిన జీవమున్న రాళ్లు, సన్నటి గాలి బుడగలు ఉంటే చాలు, తొట్టె తనను తాను శుభ్రం చేసుకుంటుందని రాశాడు. జర్మన్లు దానికి స్కిమ్మర్‌ను జోడించి బెర్లిన్ పద్ధతి అన్నారు. పప్పు ఉడికేటప్పుడు పైకి తేలే నురగను గరిటెతో తీసేసినట్టు, నీళ్లలోని మురికిని బుడగలతో పైకి తేల్చి తీసేయడమే స్కిమ్మర్ పని. నేటి పగడపు తొట్టెలు చాలావరకు ఈ దారిలో వచ్చినవే.

చేపల సంగతి చివర్లో చూసుకోవచ్చు. పనంతా నీళ్లతోనే.

ఉదయగిరి మెట్ట బోర్లలో ఫ్లోరైడు ఎక్కువని అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పళ్ల మీద గారలు చూస్తూ పెరిగినవాళ్లే. అందుకే అక్కడ తాగేది ఆర్వో ప్లాంటు నీళ్లు. విచిత్రంగా ఈ కష్టమే తొట్టెకు కలిసొస్తుంది, ఎందుకంటే ప్రపంచంలో చాలాచోట్ల ఇంటి పగడాల తొట్టె మొదలయ్యేది ఆర్వో నీళ్లతోనే. ఒక్క జాగ్రత్త ఉంది. కొన్ని ప్లాంట్లలో రుచి కోసం శుద్ధి చేసిన నీళ్లలో కొంత బోరునీళ్లు కలుపుతారు. తాగడం సంగతి ఎలా ఉన్నా, తొట్టెకు పనికిరాదు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు కొని క్యాన్‌లో ముంచి చూడాలి. అంకె పది దాటితే డీఅయొనైజింగ్ రెసిన్ నింపిన గొట్టం గుండా ఇంకోసారి పంపాలి. ఆ తర్వాత మీటరు సున్నా దగ్గర నిలవాలి.

తిన్నగా మైపాడు వెళ్లి డ్రమ్ములతో నీళ్లు తెచ్చుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఈశాన్య రుతుపవనాల్లో పెన్న కలిసేచోట ఒడ్డునీళ్లు బురదగా ఉంటాయి, ఉప్పు తగ్గిపోతుంది. పైగా తీరమంతా రొయ్యల గుంటలే. ఆ నీళ్లను వాడుకోవడానికి హేచరీలవాళ్లే వడపోసి, క్లోరిన్ పట్టించి, మళ్లీ దాన్ని విరిచి నానా తంటాలు పడతారు. మన తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేకపోవడానికీ కారణం ఆ బురదే. గోదావరి, కృష్ణ, పెన్న తెచ్చిపోసే ఒండ్రులో పగడానికి వెలుతురు అందదు.

కల్లుప్పు కలిపితే సరిపోదా అనేది రెండో ప్రశ్న. చాలదు. ఉప్పు కొటార్లలో నీళ్లు ఎండుతున్నప్పుడు ముందు కాల్షియం జిప్సంగా అడుగున దిగిపోతుంది. తర్వాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం ఆఖర్న మిగిలే చేదునీళ్లలోనే ఉండిపోతుంది, దాన్ని పారబోస్తారు. అంటే మన వంటింటి ఉప్పు సముద్రంలో ఒక ముక్క మాత్రమే. పగడానికి లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, 1,300 దాకా మెగ్నీషియం కావాలి. అక్వేరియం కోసం తయారయ్యే సముద్రపు ఉప్పులో అవన్నీ ఉంటాయి. లీటరుకు సుమారు 36 గ్రాములు పడుతుంది. ఎప్పుడూ నీళ్లలో ఉప్పు పోయాలి గాని ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. అలా పోస్తే కాల్షియం తెల్లగా విరిగి అడుగున పేరుకుంటుంది. కలపడానికి రాగి, ఇత్తడి దగ్గరికి రానీయొద్దు, రాగి చుక్క చాలు వెన్నెముక లేని జీవులన్నీ పోవడానికి. భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఉదయగిరి చెక్క గరిటెకు ఇంతకన్నా తగిన పని ఏముంటుంది!

తొట్టె రెండున్నర అడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగుంబావు ఎత్తు ఉంటే నూరు లీటర్లు పడతాయి. అంతకన్నా చిన్నది తేలికనుకుంటారు, నిజానికి అదే కష్టం. నీళ్లు తక్కువైనకొద్దీ ఉప్పు, వేడి త్వరగా అటూఇటూ అవుతాయి. నీళ్లు, రాళ్లు, గాజు కలిపి నూటయాభై కిలోల బరువు వస్తుంది కాబట్టి టీవీ బల్ల మీద పెట్టకండి.

ఇక రాళ్లు. లీ చిన్ ఎంగ్ చేసినట్టు సముద్రంలోంచి రాళ్లు తేవడం ఇక్కడ నేరం. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటికి పులికున్నంత రక్షణ. తీరంలో అమ్మే ఎండిన పగడపు ముక్కకూ అదే చట్టం. నా దృష్టిలో ఇది నష్టం కాదు, రాళ్లు మనమే పోత పోసుకోవడం ఈ విద్యలో అన్నిటికన్నా సరదా అయిన పని. తెల్ల సిమెంటు ఒక పాలు, కోళ్ల మేతలో కలిపే గుల్ల నూక రెండు పాళ్లు, రాళ్ల ఉప్పు రెండు పాళ్లు తీసుకోవాలి. నీళ్లు చిలకరించి, పిడికిట పడితే ముద్దకట్టేంత గట్టిగా కలపాలి. వేరే తొట్టిలో తడి ఇసుక పోసి, చేత్తో గుంటలు, సొరంగాలు చేసి ముద్దను అందులో వదులుగా వేయాలి. అదిమితే చెడిపోతుంది. గోనెపట్టా కప్పి నాలుగైదు రోజులు తడి ఆరకుండా ఉంచి, తర్వాత డ్రమ్ములో నానబెట్టాలి. ఉప్పు కరిగిపోయినచోటల్లా సన్నటి బొరియలు మిగులుతాయి. ఆ బొరియల కోసమే ఇంత శ్రమా. సిమెంటులోని సున్నం మొదట్లో నీళ్ల పీహెచ్‌ను పదకొండు దాటిస్తుంది. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మారుస్తూ పోతే నెలకో, ఒకటిన్నర నెలకో 8.3 దగ్గర స్థిరపడుతుంది. తొందరపడి ముందే తొట్టెలో పెట్టినవాళ్లకు చేపలు దక్కవు.

ఆ బొరియల్లో బాక్టీరియా కాపురం పెడుతుంది. చేప విసర్జించే అమ్మోనియాను ఒక రకం నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. లోపల గాలి ఆడని పొరల్లో మరికొన్ని ఆ నైట్రేట్‌ను నత్రజనిగా వదిలేస్తాయి. ఈ సంసారం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఖాళీ తొట్టెలో చిటికెడు చేప మేత వేసి, అమ్మోనియా, నైట్రైట్ పెరిగి తగ్గి సున్నా అయ్యేదాకా ఊరికే చూస్తుండాలి. ఇదంతా కొత్తగా అనిపిస్తే, తూర్పు మండలాల్లో రొయ్యలు సాగుచేసే చుట్టాన్ని అడగండి. అమ్మోనియా, నైట్రైట్, ఆల్కలినిటీ, రిఫ్రాక్టోమీటర్‌లో ఉప్పు ఎంతో పీపీటీల్లో చదవడం ఆయనకు వేలి కొసల మీద ఉంటాయి. గుంటల నీళ్లు పరీక్షించే ఆక్వా ల్యాబులు నెల్లూరులో బోలెడు. అదే ల్యాబుకు మీ తొట్టె నీళ్ల సీసా పంపినా కాల్షియం, మెగ్నీషియం చెబుతారు. వెన్నామీ రొయ్యల కోసం పెరిగిన ఇంత యంత్రాంగం అందుబాటులో ఉండటం చాలా ఊళ్ల అభిరుచిపరులకు లేని వసతి. ఎండాకాలంలో నీళ్లు ఆవిరైతే ఉప్పు మిగిలి గుంట సెలినిటీ పెరుగుతుందని రైతుకు తెలుసు. తొట్టెలోనూ అంతే. తగ్గిన మేరకు ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోయాలి. వారానికోసారి పది లీటర్లు తీసి మార్చేటప్పుడు మాత్రం ఉప్పు కలిపిన నీళ్లు. తీసిన నీళ్లు పెరట్లో చెట్లకు పోయకండి.

మెట్టలో అసలు శత్రువు ఎండ. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీలు కావాలి. రోహిణి కార్తెలో గదిలోని నీళ్లు ఊరికే 32 దాటుతాయి. ఆ వేడికి పగడం తన ఒంట్లో ఉంటూ ఎండతో తిండి వండిపెట్టే సూక్ష్మ శైవలాలను వెళ్లగొట్టి తెల్లబడిపోతుంది. నీళ్ల మీదికి ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, అంతకుమించి కావాలంటే నీళ్లను చల్లబరిచే చిల్లరో, ఏసీ గదో తప్పదు. కరెంటు పోతే వేడికన్నా ముందు ప్రాణవాయువు అయిపోతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు చవకే, అది లేకుండా తొట్టె పెట్టడం మూర్ఖత్వం.

జీవులు కొనేది ఎక్కువగా చెన్నై కొళత్తూరులో. మొదట క్లౌన్ చేపల జంట చాలు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని హేచరీలో పుట్టించే పద్ధతి ఎప్పుడో సాధించింది, కాబట్టి హేచరీ పిల్లలే కావాలని అడగండి. అన్నీ మగవిగానే పుడతాయి. జంటలో పెద్దది ఆడదవుతుంది, అది చనిపోతే మిగిలిన మగదే ఆడదిగా మారుతుంది. సీ అనిమోన్ లేకపోయినా ఇవి హాయిగా బతుకుతాయి. పగడాల్లో రాతి రకాల జోలికి పోకుండా, పుట్టగొడుగుల్లా పరచుకునే మెత్తని రకాలను, అవీ తొట్టెలో పెంచి ముక్కలు చేసినవాటిని బిల్లుతో తీసుకోవాలి. పగడాలకు చుట్టాలైన జోయాంథిడ్లను చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి, అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో వేయకండి. కొన్నిటిలో ఉండే పాలీటాక్సిన్ మనిషిని ఆస్పత్రి పాలు చేస్తుంది.

మొదలుపెట్టే కాలం కూడా ముఖ్యమే. వినాయక చవితి నాటికి రాళ్లు పోసుకుంటే కార్తీకంలో, వాన గాలులకు గది చల్లబడ్డాక, తొట్టె నింపొచ్చు. చేపలు సంక్రాంతి దాటాక, మొదటి పగడపు ముక్క శివరాత్రికి. ఉగాది నాటికి ఒకరోజు మెయిన్ స్విచ్ కట్టేసి, బ్యాటరీ పంపు ఎన్ని గంటలు నిలుస్తుందో గడియారం పెట్టి చూసుకోవాలి.