రాగికో తీరు, రాయికో తీరు

జహీరాబాద్‌లో మా పెద్దమ్మ ఇంటి తానాలగదిలో చూడాల్సినవి మూడే. కింద షాబాద్ బండలు, గోడను ఆనుకొని సిమెంటు హౌజు, మూలన పొయ్యి మీద రాగి కాగు. ఆదివారం పొద్దున ఆమె వాటిని కడుగుతుంటే గడప మీద కూర్చొని చూడడం నాకు చిన్నప్పటి అలవాటు. కంసాలి దుకాణం ముందు నిలబడి పనితనం మెచ్చుకునేవాళ్లు ఉంటారు. తొట్టి కడిగే ఆడమనిషి చేతిని అట్లా చూసినవాళ్లను నేను చూడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

కాగుతో మొదలు. కట్టెల పొయ్యి మీద రోజూ కాగే పాత్రకు మసి పట్టక తప్పదు. పెద్దమ్మ మాత్రం ఆ మసిని రాగిని అంటనివ్వదు. పొయ్యి మీదికి ఎక్కించే ముందే ఎర్రమట్టిని పలచగా కలిపి అడుగంతా పూస్తుంది. మాది ఎర్రనేల, మట్టికి వెతుక్కోనక్కర్లేదు. మసి ఆ పూత మీద కూర్చుంటుంది. ఆదివారం నాలుగు చెంబుల నీళ్లు పోసి చెయ్యి తిప్పితే పూతా మసీ కలిసి జారిపోతాయి. తోమే పనిలో సగం వారం కిందటే అయిపోయిందన్న మాట.

మిగిలింది మెడ, అంచు. అక్కడ గాలి తగిలి రాగి నల్లబడి ఉంటుంది. నానిన చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి పట్టిస్తుంది, అంతే, రుద్దదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ నల్లటి ఆక్సైడు పొరను కరిగిస్తుంది, ఉప్పు ఆ కరగడాన్ని తొందరపెడుతుంది. కాసేపాగి నీళ్లు పోస్తే గులాబీ ఛాయలో రాగి బయటపడుతుంది. వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. పులుపు ఏ మాత్రం మిగిలినా సాయంత్రానికి మచ్చలు తేలతాయి.

ఈ చింతపండు పనంతా ఆమె వాకిట్లోనే చేస్తుంది. ఎంత బరువైనా కాగును బయటికి మోసుకుపోతుంది. బండల మీదే కడిగితే ఏమవుతుందని ఒకసారి అడిగాను. "పులుసు వడితె బండ సస్తది బిడ్డా" అంది. ఆమె మాటలో రసాయన శాస్త్రం మొత్తం ఉంది. కలబురగి జిల్లా షాబాద్ నుంచి వచ్చే బండ, ఇటు తాండూరు బండ, రెండూ సున్నపురాయే. పులుపు పడ్డచోట సున్నపురాయి కరుగుతుంది. నునుపు పోయి గరుకు తేలిన బండ ఆ తర్వాత ప్రతి మురికినీ పట్టుకుంటుంది. సీసాల్లో అమ్మే యాసిడ్ పోస్తే తెల్లగా నురగ పొంగుతుంది. మురికి పొంగుతోందని మనం సంబరపడతాం, నిజానికి అక్కడ పోతున్నది బండే. పెద్దమ్మ బండలకు జల్లించిన బూడిద వాడుతుంది. బూడిద క్షారం, జిడ్డును విడగొడుతుంది, రాయి జోలికి పోదు. అరిగిపోయిన ఈత చీపురు మొండెంతో, బండల సందుల వెంట, గోడ దగ్గర మొదలుపెట్టి నీళ్లు పోయే తూము వైపు. ఎప్పుడూ ఆ దిక్కుకే.

మాకు దగ్గరలోనే ఉన్న బీదర్‌లో బిద్రీ పనివాళ్లు ఇదే ఎరుకను కళ చేశారు. కోట మట్టిలో నవాసాగరం కలిపి పట్టిస్తే జింకు, రాగి కలిసిన లోహం నల్లబడుతుంది, అందులో పొదిగిన వెండి తళుకు తగ్గదు. ఒక పూత దేన్ని తాకుతుందో, దేన్ని వదిలేస్తుందో తెలియడమే అక్కడి విద్య. పెద్దమ్మ విద్యా అదే.

అసలు చూడవలసింది హౌజు దగ్గర. నీళ్లన్నీ తోడేశాక గోడ మీద ఒక గీత కనబడుతుంది. వారమంతా నీళ్లు నిలిచిన మట్టం అది. పైన పొడి, కింద పాకుడు, నడుమ తెల్లటి చార. బోరు నీళ్లలోని సున్నం అక్కడ ఎండి పేరుకుంటుంది, సబ్బు తుంపరలు దాంతో కలిసి కరగని తెట్టె కడతాయి. పెద్దమ్మ చెయ్యి మిగతా గోడ మీద తేలిగ్గా పోతుంది, ఈ గీత దగ్గర మాత్రం ఆగుతుంది. చీపురు మొండేన్ని అడ్డంగా పట్టి, జానెడు మేర మూడుసార్లు వెనక్కూ ముందుకూ, తర్వాత ఇంకో జానెడు. మూలల్లో చీపురు పోని చోట కొబ్బరి పీచు, దానికీ అందనిచోట వేలికి చుట్టిన గుడ్డ.

డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది సరిగ్గా అక్కడే, నీటి మట్టానికి కాస్త పైన తడిగోడ మీద. అవి గోడకు అంటుకొని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి, నీళ్లు మళ్లీ తగలగానే పొదుగుతాయి. కాబట్టి నీళ్లు పారబోస్తే చాలదు, గోడ రుద్దాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది గనుక వారానికోసారి రుద్దితే ఆ వరుస తెగుతుంది. 2020 మే నెలలో అప్పటి పురపాలక మంత్రి కేటీఆర్ ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇంట్లో నిలవనీళ్లు తీసేయమని పిలుపునిచ్చినప్పుడు మా ఇంట్లో కొత్తగా మొదలుపెట్టింది ఏమీ లేదు.

కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌లో మా అన్న ఫ్లాటు కొన్నాడు. బాత్‌రూంలో తెల్లటి బాత్‌టబ్. ఆరు నెలలకే దాని చుట్టూ బూడిదరంగు చార. వదిన యాసిడ్ సీసా, ఇనుప పీచు తీసింది. పెద్దమ్మ ఆపింది. టబ్బు అంచును వేలి గణుపుతో కొట్టి విన్నది, అరచేత్తో నిమిరింది.

"ఇది రాయి గాదు, ఇనుము గాదు. పిలాస్టిక్ లెక్కుంది. పీసు వెడితె గీతలు వడ్తయ్."

అది నిజంగానే అక్రిలిక్. గీత పడితే అందులో మురికి దూరుతుంది, ఇంకా గట్టిగా రుద్దాల్సి వస్తుంది, ఇంకో గీత పడుతుంది. పెద్దమ్మ గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే సబ్బు కలిపి ముందు జిడ్డు తీసింది. తర్వాత పాత నూలుచీర ముక్కను నిమ్మరసం నీళ్లలో తడిపి చార పొడవునా పరిచి, వంటింట్లోకి పోయి చాయ పెట్టుకుంది. కాగుకు చింతపండు పట్టించి ఆగినట్టే ఇక్కడా ఆగింది. పావుగంట తర్వాత ఆ గుడ్డతోనే తుడిస్తే చార వచ్చేసింది. నీళ్లతో కడిగి, ఒక్క చుక్క నిలవకుండా పొడిగుడ్డతో ఒత్తింది. చుక్క ఆరినచోటే మళ్లీ సున్నం మచ్చ మొదలవుతుంది.

అంతకు ముందు ఆమె జన్మలో బాత్‌టబ్ కడగలేదు. రెండేళ్లయింది, ఆ టబ్బు మీద ఇప్పటికీ ఒక్క గీత లేదు.